మా ఇల్లు అమ్మకానికి లేదు: మా ఏరియా రియల్ ఎస్టేట్ ఆఫీసు సర్వీసు మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, నేను ఈ ఆఫీసుకి కస్టమర్ని కాదు. అమ్మకానికి లేని మా ఇంటి గేటు పిల్లర్‌కి మమ్మల్ని అడక్కుండా 'ఇల్లు అమ్మబడును' అని బోర్డు కొట్టింది వీళ్ళు, గొడవ అదీ. వాళ్ళ దగ్గర ఇల్లు కొనలేదు, అమ్మలేదు, అద్దెకి ఇవ్వలేదు, ఈ గొడవ మొదలయ్యేదాకా కనీసం ఒక ఫోన్ కూడా చెయ్యలేదు. అయినా వాళ్ళ సర్వీసు ఎలా ఉంటుందో నాకు, మా అమ్మకి, అమెరికాలో ఉన్న మా తమ్ముడికి, నల్గొండలో ఉన్న మా మేనత్తకి అందరికీ బాగా తెలిసొచ్చింది, అందుకే కూర్చుని రాస్తున్నా. పేరు కావాలనే రాయట్లేదు, ఎందుకంటే మా వైపు ఇలా చేసేది వీళ్ళొక్కళ్ళే కాదు, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా ఏ కాలనీలోకి వెళ్ళినా కరెంటు స్తంభానికి, వేపచెట్టుకి, ఎవరిదో గోడకి ఇలాంటి బోర్డులే. ఇల్లు అమ్మాలనో కొనాలనో ఏ ఆఫీసుకైనా వెళ్ళేముందు వాళ్ళు బోర్డులు ఎక్కడ పెడతారో ఒక్కసారి అడగండి, నేను రాసేది చదివితే ఎందుకు అడగమంటున్నానో అర్థమవుతుంది.

వనస్థలిపురంలో మా నాన్న కట్టిన ఇల్లు మాది. రెండొందల గజాలు, కార్నర్ బిట్టు. నాన్న గవర్నమెంట్ ఉద్యోగి, 1989లో లోన్ పెట్టి కట్టారు, గృహప్రవేశం నాటికి స్లాబ్ పడింది గానీ లోపల గచ్చు కూడా పూర్తవలేదు, ఇటుకల మధ్యనే పాలు పొంగించారు అని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. రిటైర్ అయిన ఏడాది గేటు పక్క పిల్లర్‌కి నల్ల గ్రానైట్ పలక చేయించుకున్నారు, ఆయన పేరు, కింద ఆయన చేసిన ఉద్యోగం, దాని కింద ఇంటి నంబరు. అక్షరాల్లో బంగారు రంగు పోయినప్పుడల్లా ఆయనే చిన్న బ్రష్ పట్టుకుని స్టూలేసుకుని కూర్చుని వేసేవారు. కిందటి కార్తీకంలో నాన్న పోయారు. అమ్మ ఒక్కతే ఉంటోంది, మా దగ్గరికి రమ్మంటే సంవత్సరీకం అయ్యేదాకా ఈ గడప దాటను అంది. నేను ఉండేది మియాపూర్‌లో, ఆదివారం ఆదివారం మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగి అక్కణ్ణించి ఆటోలో వెళ్తాను, అంటే రెడ్ లైన్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా.

ఏప్రిల్‌లో ఒక బుధవారం పొద్దున్న ఐదున్నరకి తమ్ముడు డల్లాస్ నుంచి వాట్సాప్ కాల్ చేసాడు. వాడికి అది ముందురోజు సాయంత్రం ఏడు. ఆ టైంలో ఫోన్ వస్తే గుండె జారిపోతుంది కదా, ఎత్తగానే ఏమైందిరా అన్నాను. వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. "అక్కా ఒక్కటి అడుగుతా, కోపం తెచ్చుకోకు. ఇల్లు అమ్మకానికి పెట్టారా?" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు, ఎవరి ఇల్లు అన్నాను. "మనదే అక్కా. గేటు దగ్గర బోర్డు ఉంది, ఫోటో వచ్చింది నాకు. నాన్న పోయి ఆర్నెల్లు కూడా కాలేదు, నాకు ఒక్క మాట చెప్తే నేను వద్దంటానా" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ బాధేసింది. బాధపడినట్టు, పరాయివాడితో మాట్లాడినట్టు ఉంది. మా ఇద్దరికీ ఆస్తి దగ్గర ఎప్పుడూ మాటా మాటా రాలేదు, సంవత్సరీకానికి వాడు వచ్చినప్పుడు అమ్మతో కూర్చుని ముగ్గురం మాట్లాడుకుందాం అనుకున్నాం, ఇంకా ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా తీసుకోలేదు, ఇంటి పన్ను ఇప్పటికీ నాన్న పేరు మీదే వస్తోంది. అలాంటిది వాడు నన్ను ఆ ప్రశ్న అడిగాడు, నేను సమాధానం చెప్పుకోవాల్సొచ్చింది. బోర్డు కొట్టినవాడికి ఇది ఎప్పటికీ తెలీదు.

ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. ఆటో దిగుతూనే కనపడింది. పసుప్పచ్చ రేకు, అడుగున్నర వెడల్పు ఉంటుంది, ఎర్ర అక్షరాల్లో "ఇల్లు అమ్మబడును", కింద ఆఫీసు పేరు, రెండు ఫోన్ నంబర్లు. మూలన బొటనవేలంత బాణం గుర్తు, వెనక సందు వైపుకి. ఆ బాణం నాకు రెండోసారి చూస్తే గానీ కనపడలేదు, బండి మీద పోయేవాళ్ళకి ఏం కనపడుతుంది. అదంతా ఒక ఎత్తు, దాన్ని కొట్టిన చోటు ఒక ఎత్తు. సరిగ్గా నాన్న పేరు పలక మీద కొట్టారు. పలక చదునుగా ఉంది కాబట్టి రేకు బాగా ఆనుతుందని అనుకున్నారేమో. నాలుగు మేకుల్లో మూడు పిల్లర్ ప్లాస్టరింగ్‌లోకి దిగాయి, నాలుగోది గ్రానైట్ అంచుకి తగిలి ఆ మూల రూపాయి బిళ్ళంత ముక్క ఎగిరిపోయింది. ఆ ముక్క కింద మట్టిలోనే ఉంది, తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నా. రేకు కింద నుంచి నాన్న ఇంటిపేరులో మొదటి అక్షరం ఒక్కటే బయటికి కనపడుతోంది.

లోపలికి వెళ్తే అమ్మకి బోర్డు సంగతే తెలీదు. ఆమె పాలకి, కూరలకి పక్క గేటు నుంచే వెళ్తుంది, ముందు గేటు తాళం తీసేది ఎవరైనా వస్తేనే. కానీ రెండు రోజులుగా ఎవరెవరో వస్తున్నారు అంది. నాన్నతో పనిచేసినవాళ్ళు కొందరికి ఆలస్యంగా తెలిసి ఇప్పటికీ పలకరించడానికి వస్తుంటారు, వీళ్ళూ అలాగే అనుకుంది. సోమవారం సాయంత్రం ఒక భార్యాభర్తలు వచ్చి "చూసిపోదామని వచ్చామండీ" అన్నారంట. మనలో ఆ మాటకి అర్థం ఏంటి చెప్పండి? మనిషి పోయిన ఇంటికి వచ్చి అలా అంటే అమ్మ ఏమనుకుంటుంది? రండి అని కుర్చీలేసి, కాఫీ పెట్టి, నాన్న ఫోటో దగ్గర దీపం వెలుగుతుంటే ఆయన ఆఖరి రోజుల్లో ఎలా ఉన్నారో చెప్పడం మొదలుపెట్టిందంట. వాళ్ళు పాపం ఇబ్బందిపడుతూనే విన్నారు. తర్వాత ఆయన లేచి "వెనక ఎంత వదిలారండీ, బోరు ఉందా, కృష్ణా నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయా" అని అడిగి, అడుగులేసుకుంటూ పక్క గోడ దాకా కొలిచి, ఆవిడతో "ఎలాగూ కొట్టేసేదే కదా, స్థలమే చూస్కో" అన్నాడంట. అమ్మ ఇది చెప్తూ మధ్యలో ఆగిపోయి, "కొట్టేయడం ఏంటే, ఏమంటున్నాడో నాకు తెలీలేదు, వినపడనట్టు ఊరుకున్నా" అంది. వాళ్ళ తప్పేం లేదు, బోర్డు చూసి వచ్చారు. వాళ్ళకీ ఆ రోజు బాగుండి ఉండదు.

బోర్డు మీద నంబరుకి ఫోన్ చేసాను. మొదటి రింగుకే ఎత్తారు, ఆ విషయంలో మాత్రం సర్వీసు ఫాస్ట్, ఎందుకంటే కొనే పార్టీ అనుకున్నారు. "చెప్పండి మేడం, బడ్జెట్ ఎంతలో చూస్తున్నారు" అన్నాడు. ఈ ఇల్లు మాది, బోర్డు ఎవరు పెట్టమన్నారు అని అడిగాక గొంతు మారింది. "అది మీ ఇల్లు కాదు మేడం, వెనక సందులో ఇల్లు, మీది కార్నర్ కదా, విజిబిలిటీ బాగుంటుందని మా బాయ్స్ అక్కడ పెట్టుంటారు, ఏరో ఉంది చూడండి" అన్నాడు. మా గోడ మీద పెట్టడానికి మమ్మల్ని అడగాలి కదా అంటే "అందరూ పెడ్తారు మేడం, ఎవరూ ఏమనరు" అన్నాడు. నాన్న పేరు పలక పగిలింది అని చెప్పా. "రేపు పొద్దున్న బాయ్‌ని పంపిస్తా, తీసేస్తాడు" అన్నాడు. సారీ అనే మాట రాలేదు. బోర్డు నేనే పీకేద్దును, కానీ మేకు లాగితే పలక ఇంకా చీలుతుందేమో అని భయమేసి, పాత చీర ముక్క ఒకటి బోర్డు మీద కట్టేసి వచ్చేసా.

గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. రెండుసార్లు ఫోన్ చేసా, "ఆన్ ది వే మేడం" అన్నారు. ఆదివారం నేను వెళ్ళేసరికి చీర ముక్క తీసి కింద పడేసి ఉంది, బోర్డు అలాగే ఉంది, పైగా పక్క గోడకి ఇంకో ఫ్లెక్సీ కట్టారు, ఆరడుగులది, అదే ఆఫీసుది. ఊరి బయట ఏదో వెంచర్, ప్రీ లాంచ్ ఆఫర్, గజం ఇంత, ముందు బుక్ చేసుకున్న వాళ్ళకి బంగారు నాణెం అని. అది కనపడాలని గోడ మీదుగా బయటికి వాలిన సన్నజాజి తీగల్ని కోసి కిందేసారు, మొగ్గలతో సహా. పన్నెండేళ్ళ తీగ అది. అమ్మ ఆ కోసిన కొమ్మలు ఏరి బకెట్ నీళ్ళలో పెట్టింది, మొగ్గలైనా విచ్చుకుంటాయి కదా అని.

ఆ ఫ్లెక్సీ గురించి ఒక విషయం చెప్పాలి, ఇది కొనేవాళ్ళకి పనికొస్తుంది. దాని మీద రెరా నంబరు, అంటే రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ ఇచ్చే నంబరు, ఎక్కడా లేదు. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన, అంటే సుమారు 600 గజాలు దాటిన లేఅవుట్ గానీ, ఎనిమిది ఫ్లాట్లు దాటిన అపార్ట్‌మెంట్ గానీ రిజిస్టర్ చెయ్యకుండా అమ్మకూడదు, బుకింగ్ తీసుకోకూడదు, అసలు అడ్వర్టైజ్‌మెంటే ఇవ్వకూడదు. ప్రీ లాంచ్ అన్న మాటకి అర్థమే రిజిస్ట్రేషన్ ఇంకా రాలేదు, డబ్బులు మాత్రం ఇప్పుడే కట్టండి అని. దీనికి ప్రాజెక్టు ఖర్చులో పది శాతం దాకా పెనాల్టీ వెయ్యొచ్చని చట్టంలో ఉంది. అలాంటి ప్రాజెక్టుల్లో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంట్లు కూడా రెరాలో రిజిస్టర్ అవ్వాలి. మన దగ్గర ప్రీ లాంచ్‌లో డబ్బులు కట్టి ఏళ్ళ తరబడి తిరుగుతున్న కుటుంబాలు ఎన్ని ఉన్నాయో పేపర్ చదివే ప్రతి ఒక్కళ్ళకీ తెలుసు. ఆ ఫ్లెక్సీ మా గోడ మీద ఉంటే, చూసినవాళ్ళు ఈ ఇంటివాళ్ళకి కూడా సంబంధం ఉందేమో అనుకోరా? రేపు ఎవరైనా అందులో డబ్బులు పోగొట్టుకుంటే మా గోడ చూసి మా నాన్నని తిట్టుకోరా? నాకు ఆ రోజు నిజంగా నిద్ర పట్టలేదు.

సోమవారం అమ్మని తీసుకుని ఆఫీసుకే వెళ్ళాను. మెయిన్ రోడ్డు మీద మొదటి అంతస్తు, ఏసీ రూము, గాజు తలుపు, గోడల నిండా లేఅవుట్ మ్యాపులు. కూర్చోమన్నారు, నీళ్ళిచ్చారు, మర్యాదగానే మాట్లాడారు, అది దాచను. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది, మా ఆయన పేరు పలక మీద మేకు కొట్టారు బాబూ అని. ఆ కుర్రాడు ఒక నిమిషం విని "ఆంటీ, అంకుల్ లేరా ఇప్పుడు? ఒక్కరే ఉంటున్నారా అంత ఇంట్లో? కార్నర్ బిట్ కదా ఆంటీ, డెవలప్‌మెంట్‌కి ఇచ్చేయండి, రెండు ఫ్లాట్లు మీకు వస్తాయి, బిల్డర్ని నేనే తీసుకొస్తా" అన్నాడు. అమ్మ ఇంకేం మాట్లాడలేదు, చీర కొంగు సర్దుకుని లేచి నిలబడింది. నేను వాళ్ళ మేనేజర్‌తో మాట్లాడతానన్నా, సార్ సైట్ విజిట్‌లో ఉన్నారు అన్నారు. బోర్డు తీయడం, పలక, గోడ, అన్నీ ఒక కాగితం మీద రాసి రెండు కాపీలు తీసుకెళ్ళా, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం పెట్టమంటే పెట్టలేదు. అందుకే అదే కాగితాన్ని ఫోటో తీసి వాళ్ళ నంబరుకి వాట్సాప్ చేసా, రెండు నీలం టిక్కులు పడ్డాయి.

తిరిగొస్తూ వెనక సందులో, నిజంగా అమ్మకానికి ఉన్న ఇంటికి వెళ్ళాం. ఆయన మాకు తెలిసినాయనే, పిల్లల పెళ్ళికి ఇల్లు అమ్ముతున్నారు. బోర్డు సంగతి చెప్తే ఆయనే తల పట్టుకున్నారు. "నేను ఆన్‌లైన్‌లో పెట్టమన్నానమ్మా, తెలిసిన పార్టీలకి చెప్పమన్నాను, ఈ బోర్డు ఊసే నాకు తెలీదు, పైగా నా ఇంటికి ఈ పది రోజుల్లో ఒక్కళ్ళు కూడా రాలేదు" అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు ఈ బోర్డు దేనికో. బోర్డు మీద ఉన్నది ఇంటాయన నంబరు కాదు, బ్రోకర్ది. ఫోన్ చేసినవాళ్ళ నంబరు, బడ్జెట్ రాసుకుంటారు, దాన్నే వాళ్ళు లీడ్ అంటారు, ఆ ఇల్లు మీ బడ్జెట్‌కి రాదండీ, ఇంకోటి చూపిస్తాం అని వెంచర్‌కి తీసుకెళ్తారు. అమ్మేవాళ్ళ దగ్గర, కొనేవాళ్ళ దగ్గర రెండు వైపులా కమిషన్ తీసుకునే వ్యాపారంలో లీడే పెట్టుబడి, అది వీళ్ళకి ఖర్చు లేకుండా రావాలంటే ఎవరి గోడో కావాలి. అంటే ఆయన ఇల్లు ఒక ఎర, మా గోడ ఒక గాలం. వీళ్ళకి ఇల్లు అమ్మమని ఇచ్చేవాళ్ళు ఇది ఆలోచించుకోండి, బోర్డులు ఎక్కువ పెట్టారు కదా అని మీ ఇల్లు తొందరగా పోతుందనుకోవద్దు.

మా చిన్నాన్న కొడుకు లాయరు, వాడికి ఫోన్ చేస్తే నిదానంగా చెప్పాడు. గోడల మీద, పబ్లిక్‌కి కనపడే చోట్ల ఇష్టం వచ్చినట్టు రాతలు, పోస్టర్లు పెట్టకుండా ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే చట్టం తెచ్చారు. జీహెచ్ఎంసీ పరిధిలో అడ్వర్టైజ్‌మెంట్ బోర్డుకి పర్మిషన్ కావాలి, సొంత గోడ మీద పెట్టుకున్నా రూల్స్ ఉంటాయి, అలాంటిది ఇంకొకరి గోడ మీద వాళ్ళకి తెలీకుండా పెట్టడం ఏంటి అన్నాడు. వస్తువు పాడుచేయడం భారతీయ న్యాయ సంహితలో 324 కిందికి వస్తుంది, అనుమతి లేకుండా లోపలికొచ్చి ఇబ్బంది పెట్టడం 329 కిందికి వస్తుంది, 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు ఇవే నడుస్తున్నాయి. ముందు కేసుల దాకా వెళ్ళకు అక్కా, ఫోటోలు తియ్యి, బోర్డు మీద నంబరు కనపడేలా ఒకటి, గోడ మొత్తం కనపడేలా ఒకటి, పలక పగిలింది దగ్గర్నుంచి ఒకటి, పీకే ముందే తియ్యి, పీకాక ఎవరు పెట్టారో చెప్పలేవు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది విన్నాక నాకు కాళ్ళు వణికాయి. పెద్దవాళ్ళు పోయి పిల్లలు దూరంగా ఉన్న ఇళ్ళ మీద, ఎన్‌ఆర్‌ఐల ఖాళీ ప్లాట్ల మీద ఇలా బోర్డు పెట్టి ఎవరైనా వచ్చి అడుగుతారా లేదా అని చూసేవాళ్ళు కూడా ఉంటారంట, ఎవరూ అడక్కపోతే అక్కణ్ణించి కబ్జా కథ మొదలవుతుంది, కాబట్టి ఒకసారి ఈసీ, అంటే ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల లిస్టు, చూసుకో అన్నాడు. మా విషయంలో అలాంటిదేం లేదు, రిజిస్ట్రేషన్ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్‌లో ఈసీ చూసాను, నాన్న పేరు మీద కొన్న డాక్యుమెంటు తప్ప ఇంకేం లేదు. కానీ అది తెరుచుకునేదాకా ఆ పది నిమిషాలు నేను పడ్డ భయం ఎవరికీ వద్దు. ఎన్‌ఆర్‌ఐలు ఎవరైనా చదువుతుంటే మీ ప్లాటు దగ్గర ఉన్నవాళ్ళని ఎవర్నైనా అప్పుడప్పుడు వెళ్ళి ఫోటో తీసి పంపమనండి, గోడ లేకపోతే గోడ కట్టించుకోండి.

జీహెచ్ఎంసీ కాల్ సెంటర్ 040 21111111కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇచ్చాను, వివరాలు రాసుకుని కంప్లైంట్ నంబరు ఇచ్చారు. ఆ నంబరు, రెరా నంబరు లేని ఫ్లెక్సీ ఫోటో రెండూ కలిపి బ్రోకర్‌కి పంపించా, ఈ ఫోటో రెరాకి కూడా పంపుతున్నా అని రాసా. వారం రోజుల నుంచి దారిలోనే ఉన్న బాయ్ రెండు గంటల్లో వచ్చాడు.

ఆ అబ్బాయికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. బండి వెనక కట్టల కొద్దీ రేకులు, ఒక మడత నిచ్చెన, డబ్బాలో మేకులు. రాత్రి పూట ఇద్దరు వెళ్తారంట, పన్నెండు దాటాక, కుక్కలు లేని సందులు చూసుకుని. ఒక్కో బోర్డుకి ఇంత అని ఇస్తారంట. "పేరు ఉందని చూడలేదక్కా, చీకట్లో నల్లగా ఉంది, గోడే అనుకున్నా" అన్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. అమ్మ వాడికి మజ్జిగ ఇచ్చింది. మేకు నేను చెప్పినట్టే నెమ్మదిగా, కటింగ్ ప్లేయర్‌తో తిప్పుతూ పది నిమిషాలు పట్టినా ఓపిగ్గా తీసాడు, పలక ఇంకా చీలకుండా. చివరి మేకు వచ్చాక అమ్మ తడిగుడ్డ తెచ్చి పలక తుడిచింది. రేకు అంచు రుద్దుకుని "రిటైర్డ్" అన్న దగ్గర గీత పడింది, అది పోలేదు.

అందరు బ్రోకర్లూ ఇంతే అని నేను అనట్లేదు, అలా అంటే అన్యాయం. రైతు బజారు వైపు ఒక పెద్దాయన ఉన్నారు, నాన్నతో వాకింగ్‌కి వచ్చేవారు, ఇరవై ఏళ్ళ నుంచి ఇళ్ళు చూపించే పనే. మా పక్కింటి మేడ మీద పోర్షన్‌కి టులెట్ బోర్డు పెట్టాల్సొస్తే, వాళ్ళ గేటుకే తాడుతో కట్టి, రాత్రిపూట ఎవరైనా మా బెల్లు కొడితే చెప్పండమ్మా అని మా ఇంటికి కూడా వచ్చి చెప్పి వెళ్ళారు. ఇల్లు కుదిరిన రోజే వచ్చి తాడుతో సహా విప్పుకెళ్ళారు. నోటి మాట మీదే ఆయనకి పార్టీలు వస్తుంటాయి. ఈ ఆఫీసు గురించి చెప్తే ఆయన ముఖం చిన్నబోయింది, "మాకు చెడ్డపేరు తెచ్చేది వీళ్ళేనమ్మా" అన్నారు.

సరే, రివ్యూ కాబట్టి అడిగేవాళ్ళకి సూటిగా చెప్తా. ఫోన్ ఎత్తడం, కొనేవాళ్ళతో మాట్లాడటం బాగుంది. ఆఫీసు శుభ్రంగా ఉంది. అంతకు మించి నేను చెప్పగలిగిన మంచి ఏం లేదు. గోడ చిల్లులు పూడ్చడానికి మేస్త్రీకి 1,200, రంగుకి 900 అయ్యింది, బిల్లు పంపించా, చూసారు, సమాధానం లేదు. పలక ఖర్చు నేను అడగలేదు, దానికి ఎంత అని రాయను? కొత్తది చేయిద్దామా అంటే అమ్మ వద్దంది, మీ నాన్న చేయించిందే ఉండనీ అంది. నాకు సారీ చెప్పకపోతే పర్లేదు, ఆవిడకి చెప్పాల్సింది, ఇప్పటికీ చెప్పలేదు. ఆ మేనేజర్ ఇది చదివితే వచ్చి ఆవిడకి ఒక్క మాట చెప్పి వెళ్ళమని అడుగుతున్నా. నేను ఒక్క స్టారు ఇచ్చింది కూడా ఆ మేకులు ఓపిగ్గా తీసిన అబ్బాయికి.

మేనత్త సంగతి చెప్పడం మర్చిపోయా. ఆమెకి ఆ ఫోటో ఎలా చేరిందో, బోర్డు తీసేసిన మూడోరోజు నల్గొండ నుంచి ఫోన్ చేసి "వదినా, అన్నయ్య చేతుల మీద కట్టిన ఇల్లు, నాకు ఒక్క మాట చెప్పాలనిపించలేదా" అని ఏడ్చింది. అమ్మ ఎంత చెప్పినా నమ్మలేదు. ఆఖరికి అమ్మే వీడియో కాల్ చేయమని నన్ను అడిగి, ముందు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడి, ఫోన్ పలక వైపు తిప్పి, వేలితో ఒక్కో అక్షరం చూపించింది. తమ్ముడు మాత్రం ఆ మర్నాడే నాకు ఫోన్ చేసి "అక్కా అలా అడిగుండాల్సింది కాదు" అన్నాడు, నేను పర్లేదురా అన్నాను, కాసేపు ఇద్దరం నాన్న గురించి మాట్లాడుకున్నాం.

నిన్న ఆదివారం వెళ్ళాను. మేస్త్రీ పూడ్చిన చోట కొత్త రంగు పాత రంగుతో కలవలేదు, మూడు చోట్ల మచ్చల్లా కనపడుతోంది. ఎగిరిపోయిన గ్రానైట్ ముక్క గమ్ పెట్టి అతికించా, దగ్గరికి వెళ్ళి చూస్తే సన్నటి గీత ఉంటుంది. అక్షరాల్లో రంగు వేద్దామని నాన్న బ్రష్ వెతికితే దొరికింది, గట్టిపడిపోయింది, టర్పెంటైన్‌లో నానబెట్టి వచ్చా, వచ్చే ఆదివారం వెయ్యాలి. వాళ్ళ రేకు బోర్డు, ఫ్లెక్సీ రెండూ స్టోర్ రూములో ఉన్నాయి. మా ఇంటికొచ్చి, తీసుకెళ్తున్నామని కాగితం మీద సంతకం పెట్టి పట్టుకెళ్ళమని మెసేజ్ పెట్టాం, ఇంకా రాలేదు.